వసుధక్క పేరు మీద ఇచ్చిన చందా

పదమూడేళ్లుగా ఒక పేరు నా గుండెల మీద కూర్చుని ఉంది. నా పేరు కాదు, వసుధక్కది. మీతో ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మావి ఎదురెదురు అపార్ట్‌మెంట్లు. ఆవిడకు గ్రీన్ కార్డ్ ఉంది, నేను అప్పటికి హెచ్‌-వన్ వీసా మీదే ఉన్నాను. శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ హాల్లో ఒక గ్రూప్‌కి వాలంటీర్‌గా వెళ్లేదాన్ని. ఎన్నికల్లో బడాబాబుల దొంగచాటు డబ్బును ఆపే చట్టం తెస్తామన్న అభ్యర్థుల కోసం, మామూలు మనుషుల దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసేవాళ్లం. ఇచ్చేవాళ్ల పేరు అందరికీ కనబడాలి, అదే మా మాట. కిటికీ అవతల చెరువు, నీళ్ల మీద పల్చటి ఎండ, బద్ధకంగా కదిలే బాతులు. అక్కడ కూర్చుంటే ఈ దేశం నాది కూడా అనిపించి, గాల్లో తేలుతున్నట్టుండేది.

అయితే హెచ్‌-వన్ వాళ్లు చందా ఇవ్వకూడదు. చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. ఒక్కొక్కరూ లేచి తామిచ్చామని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటుంటే, నేను తలవంచుకుని కవర్లు అంటించేదాన్ని. ఒళ్లు మండేది. ఒకరోజు ఇంటికొచ్చి లాప్‌టాప్ తీసి, నా డబ్బే కట్టి, పేరు దగ్గర వసుధక్క పేరు టైప్ చేశాను. నా పార్సిళ్లన్నీ వాళ్లింటికే వచ్చేవి కాబట్టి ఆ అడ్రస్ నాకు నోటికొచ్చు. నెలనెలా అలాగే ఇచ్చాను. ఎవరికేం నష్టం అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? లేక అలా అనుకుంటే హాయిగా ఉంటుందని అనుకున్నానా?

ఆ చలికాలం ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో గ్రూప్ పంపిన థాంక్యూ కార్డ్. వెనకాల మంచు ఎంత నెమ్మదిగా పడుతోందంటే, ఇదంతా కలేమో, కాసేపట్లో మెలకువ వస్తుందేమో అని ఆశపడ్డాను.

“నేను పైసలిచ్చిన్నట. గవర్నమెంట్ లిస్ట్‌ల గూడ నా పేరుంది, చూసిన. నీకేమన్న ఎరుకనా?”

“నాకేం తెలుసక్కా! పేరు కలిసిందేమో.”

“అడ్రస్ గూడ కలుస్తదా? సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూల అడిగితే ఏం చెప్పాలె? ఇచ్చిన అంటే అబద్ధం. ఇయ్యలే అంటే మరెవరిచ్చిన్రు అంటరు. ప్రమాణం జేసి చెప్పాలె గదనే.”

ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే నా వీసా పోదూ? నన్ను పంపించేయరూ? ఏం కాదులే అక్కా అని టీ పెట్టాను. ఛీ.

ఆవిడకు ఓటంటే ప్రాణం. అది సిటిజన్లకే. కూరలు తరుగుతూ ఇంటర్వ్యూ ప్రశ్నలన్నీ బట్టీపట్టింది, అప్పజెప్పించుకున్నది నేనే. నింపిన సిటిజన్‌షిప్ ఫారం, ఆ కార్డ్ వచ్చాక సొరుగులో పెట్టేసింది. మళ్లీ తీయలేదు. భయం నేను పెట్టిందేనని తెలిసి కూడా, ఏటా అప్లై చేయక్కా అని నేనే పోరుపెట్టేదాన్ని. అంత నటన నాకెక్కడ అబ్బిందో!

నేను సిటిజన్‌నయ్యాను. మొన్న నా మొదటి ఓటు. నా కారు షెడ్‌లో ఉంటే ఆవిడే డ్రైవ్ చేసింది. పోలింగ్ జరిగే స్కూల్ బయట కారులో కూర్చుంది. అద్దాల మీద సన్నటి వాన. నేను లోపల, నా పేరు ఎదుట సంతకం పెడుతూ రెండుసార్లు ఆగాను.

తిరిగొచ్చేసరికి నా కోటు మీది ‘ఓటేశాను’ స్టిక్కర్ చూసి, “అది నాకియ్యరాదే” అంది. ఇచ్చాను. తన స్వెటర్‌కి అంటించుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, నవ్వి కారు స్టార్ట్ చేసింది.

అప్పుడూ చెప్పలేదు. దారిపొడుగునా కిటికీలోంచి వాననే చూశాను. ఇప్పుడు మీకు చెప్పేశాను, కొంచెం ఊపిరి ఆడుతోంది. చూడండి, దీని కింద కూడా నా పేరు పెట్టడం లేదు.