భాగీరథి గోలీల సీసా

లింబాయత్‌లో మా మగ్గాల గల్లీ చివర, నీలం పరదా కింద భాగీరథి చాయ్ బండి ఉండేది. పొద్దున పాలీకి, అంటే షిఫ్టుకు, వెళ్ళేవాళ్ళు, రాత్రి పాలీ దిగేవాళ్ళు అక్కడే కలుసుకునేవారు. ఆమె పెళ్ళయిన కొత్తలో జగిత్యాల దిక్కు నుంచి భర్త దేవదాస్ వెంట సూరత్ వచ్చింది. పిల్లలు కలగలేదు. గల్లీలో ఎవరింట్లో అన్నం ఉడకకపోయినా ముందు ఆమెకే తెలిసేది.

బండి మీద చక్కెర డబ్బా పక్కన ఒక పాత పచ్చడి సీసా ఉండేది. దానినిండా నొప్పి గోలీలు. మగ్గం పని తెలిసినవాళ్ళకు ఆ సీసా ఎందుకో చెప్పనక్కర్లేదు. పన్నెండు గంటల పాలీలో కూర్చునే వీలుండదు. వరుసగా ఆడుతున్న మరమగ్గాల సందులో తిరుగుతూనే ఉండాలి. ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఉరికి, ముడివేసి, మళ్ళీ ఆడించాలి. కొన్నేళ్ళకు పిక్కలు కట్టెల్లా బిగుసుకుపోతాయి. అందుకని పాలీ ఎక్కే ముందు చాయ్‌తో ఒక గోలీ మింగడం అందరికీ అలవాటు. భాగీరథి చాయ్‌కే డబ్బులు తీసుకునేది, గోలీకి ఎన్నడూ తీసుకోలేదు. పెద్దవాళ్ళకు సగం విరిచి ఇచ్చేది. ఎవరు చేయి చాపినా ముందు సాసర్‌లో ఒక టోస్టు పెట్టేది.

"ఉత్త కడుపుల మింగితే మండుతది కొడుకా. ఇది తిను, ఎన్క మింగు" అనేది.

"మా వదినె గోలీ పడకుంటే సూరత్ల ఒక్క చీర నెయ్యరు" అని నవ్వించేవాడు పరమేశ్వర్. అతను దేవదాస్‌కు వరుసకు తమ్ముడు. పక్కపక్క మగ్గాల మీదే పని.

కరోనా రెండోసారి వచ్చి ఎందరినో తీసుకుపోయిన ఏడు అది. వానాకాలం నాటికి కార్ఖానాలు మళ్ళీ మొదలయ్యాయి కానీ భయం పోలేదు. గేటు దగ్గర నుదుటికి జ్వరం తుపాకి పెట్టి చూసేవారు. ఒళ్ళు వేడిగా ఉంటే లోపలికి రానిచ్చేవారు కాదు. బస్తీలో రోగం ఉందని తెలిస్తే గల్లీకి అడ్డంగా బొంగులు కడతారనే బెదురు ఒకటి. అలాంటప్పుడు దేవదాస్‌కు జ్వరం తగిలింది.

"ఇంటికాడ పండుతనే" అన్నాడు దేవదాస్.

"పంటే అందరు కరోనా అంటరు. ఇగో, రెండు మింగు. చల్లబడతది" అంది భాగీరథి. తడిగుడ్డతో నుదురు తుడిచి గేటు దాకా వెంట నడిచింది. తుపాకి మోగలేదు. ఆమె మనసులోనే శివయ్యకు దండం పెట్టుకుంది.

అలా నాలుగు రోజులు నడిచింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోలీలే. తోటివాళ్ళు కూడా తలా ఒకటి జేబులో వేసుకుని వచ్చి ఇచ్చారు. పరమేశ్వర్ తన మగ్గాలతోపాటు అన్న మగ్గాలూ చూసుకున్నాడు. ఐదో రోజు దేవదాస్ పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి కారిన నెత్తురు ఆగలేదు. సాయంత్రానికి నల్లగా వాంతి అయింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

ముందు కరోనా పరీక్ష చేశారు. లేదన్నారు. బయట చెట్టు కింద కూర్చున్న మనవాళ్ళంతా చేతులెత్తి మొక్కారు. భాగీరథి గేటు పక్కన హనుమంతుడి గుడిలో కొబ్బరికాయ కొట్టి, చిప్పలు అందరికీ పంచింది. అది డెంగ్యూ అని, రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని డాక్టర్ చెప్పినప్పుడు ఆమె చేతిలో ఇంకా కొబ్బరి ముక్క ఉంది.

"జ్వరానికి ఏం ఇచ్చారు?" అని డాక్టర్ హిందీలో అడిగాడు.

తాను ఏ లోటూ చేయలేదని చూపించడానికి ఆమె కొంగు ముడి విప్పి గోలీల పట్టీ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. రాత్రంతా నిద్రలేని మొహం. కేకలేయలేదు. డెంగ్యూలో ఈ గోలీ ఇవ్వకూడదని, దీనివల్లే కడుపులో పుండై నెత్తురు కారుతోందని, దాన్ని ఆపే కణాలు కూడా పనిచేయడం లేదని నెమ్మదిగా చెప్పి పట్టీని ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళాడు. కేకలేసినా ఆమెకు కొంత తేలికయ్యేదేమో.

ఆ సీజన్‌లో డెంగ్యూ మంచాలు నిండిపోయి ఉన్నాయి. కరోనా భయానికి రక్తం ఇచ్చేవాళ్ళు తగ్గారు. ఆసుపత్రిలో ఉన్న ప్లేట్‌లెట్ల సంచులు అయిపోయాయి. దాతల్ని తీసుకుని తాపీ నది అవతల అడాజన్‌లోని బ్లడ్ బ్యాంకుకు పొమ్మన్నారు. ఈ మాట గల్లీలో పడగానే రాత్రి పాలీ దిగినవాళ్ళు స్నానం కూడా చేయకుండా ఆటోలెక్కారు. దూది నుసి తలల మీద అలాగే ఉంది. పొద్దున పాలీవాళ్ళు కూడా కొందరు మగ్గాలు వదిలి వచ్చారు. రేపటి నుంచి రావద్దని సేఠ్ ఫోన్లో అరుస్తుంటే పరమేశ్వర్ ఫోన్ ఆపేసి జేబులో వేసుకున్నాడు.

బ్లడ్ బ్యాంకులో పనిచేసే నీరజ మనవాళ్ళ పిల్లే. సూరత్‌లోనే పుట్టి పెరిగింది. భాగీరథిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూడు మాసీ, రక్తంల మూడు రకాల కణాలుంటయి. ఎర్ర కణాలు ఊపిరి మోస్తయి, ఒళ్ళంత తిరిగి అందిస్తయి. తెల్లయి చౌకీదార్లు, రోగమొస్తే కొట్లాడతయి. ఇగ ప్లేట్‌లెట్లు బహుత్ చిన్నయి. నరం ఎక్కడ చిట్లితే అక్కడికి ఉరికి అతుక్కుని బంద్ చేస్తయి."

"పోగు తెగితే ముడేసినట్టా?"

"హా, గట్లనే. దేవదాస్ మాసాకు ముడేసేటోళ్ళు లేరిప్పుడు. ఒక్కరి దగ్గర మిషన్‌తో తీసినా చాలు, నిలబడతడు."

భాగీరథి బెంచీ వంక చూసింది. అంతమంది ఉన్నారు. ఒక్కరు చాలట. ఆమె కళ్ళు ఒత్తుకుంది.

నీరజ కాగితం పట్టుకుని మొదటివాణ్ణి అడిగింది. "మూడు రోజుల్ల నొప్పి గోలీ ఏమన్న మింగినవా?"

"మింగిన. నిన్న పొద్దుగాలనే. అక్కనే ఇచ్చింది" అన్నాడతను, అదేదో మంచి లక్షణమైనట్టు.

"అయితే నడవదు భయ్యా. నెక్స్ట్."

రెండోవాడూ మింగాడు. మూడోవాడూ మింగాడు. నాలుగోవాడు సంగతి అర్థమై తల వంచుకున్నాడు.

"ఎందుకు నడవదు? మా నెత్తురు నెత్తురు గాదా?" అని ఒకడు లేచాడు.

"నెత్తురు మంచిదే కాకా. ప్లేట్‌లెట్లు కూడ ఉంటయి. కానీ ఆ గోలీ వాటి చేతులు కట్టేస్తది. తెగిన పోగు ముంగట నిలవడతయి గానీ ముడెయ్యవు. గా సంచి ఎక్కించినా ఫాయిదా లేదు."

అటు తర్వాత ఎవరూ భాగీరథి వైపు చూడలేదు. అది వాళ్ళ మర్యాద.

గోలీ ముట్టనివాళ్ళు ఇద్దరే తేలారు. ఒకరు దేవదాస్ అక్క సారక్క. బస్తాలు ఎత్తే మనిషి. "నా తమ్మునికి నా నెత్తురంత గుంజుకోండ్రి" అని రైక చెయ్యి పైకి మడిచి కూర్చుంది. వేలి చుక్క తీసి చూస్తే ఎర్ర కణాలు సగానికి సగమే ఉన్నాయి. ఆమెకే రక్తం ఎక్కించాలన్నారు. "ఇన్నొద్దులు ఏంతోని నడుస్తున్ననే పిల్లా మరి?" అని సారక్క ఆశ్చర్యపోయింది.

రెండోవాడు బ్రహ్మచారి అనే వడ్రంగి. గోలీ మింగడని గల్లీలో అందరూ అతన్ని వెక్కిరించేవాళ్ళు. ఇప్పుడు అందరూ జరిగి అతనికి దారి ఇచ్చారు. రక్తం పరీక్షకు పోయింది. నీరజ తిరిగొచ్చి, "కాకా, తెల్ల కణాలు చాన పెరిగినయి. లోపల ఎక్కడనో చీము ఉంది" అంది. అతను సిగ్గుపడుతూ పంచె కొంచెం పైకి తీశాడు. పిక్కకు కట్టిన గుడ్డ కింద, ఎప్పుడో కట్టె పేడు గుచ్చుకున్న చోట, కాలు ఉబ్బి నల్లబడి ఉంది. తెల్ల కణాలన్నీ అక్కడ యుద్ధంలో ఉన్నాయి. అతన్నే డాక్టర్ దగ్గరికి పంపారు.

చివర మిగిలింది పరమేశ్వర్. అందరి జవాబులూ విని, కావాలనే వెనక నిలబడ్డాడు.

"గోలీ మింగినవా అన్నా?"

"లేదు."

"మూడు రోజుల్ల?"

"నెల దినాల సంది ముట్టలే."

బెంచీ మీద ఎవరూ కదల్లేదు. నీరజ ముఖం వికసించింది. పరీక్ష చేస్తే అంకెలన్నీ బాగున్నాయి. మిషన్‌కు సంచి తగిలించింది. పరమేశ్వర్ పడక మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు.

తెల్లవారుజామున ఆసుపత్రి చెట్టు కింద నడుము పట్టేసిందంటే అతనికి గోలీ ఇచ్చింది భాగీరథే. కొబ్బరి ముక్క కూడా పెట్టింది, ఉత్త కడుపు మండుతుందని.

ఊరుకుంటే ఒక సంచి దొరుకుతుంది. చేతులు కట్టేసిన సంచి. దానికోసం కాసేపు మిషన్, కాసేపు దారి, అంతసేపూ అక్కడ ఆయనకు నెత్తురు కారుతూనే ఉంటుంది. ఆమె లేచి నీరజ మోచేయి పట్టుకుంది.

"బిడ్డా, మింగిండు. నేనే ఇచ్చిన."

పరమేశ్వర్ లేచి కూర్చున్నాడు. "ఏందే వదినె! నోరు మూసుకుంటే నీ బొట్టు నిలుస్తుండె గద!" అని అరిచి, వెంటనే గోడవైపు తిరిగి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నీరజ సూది పక్కన పెట్టి ఫోన్లు మొదలుపెట్టింది. కతర్‌గామ్ వైపు నుంచి ఒక సంచి దొరికింది. అది వచ్చేసరికి సాయంత్రమైంది. దేవదాస్ మధ్యాహ్నమే పోయాడు. ఆ సంచిని పక్క మంచం మీది బార్డోలీ చెరుకు కూలీకి ఎక్కించమని భాగీరథే చెప్పింది. అతని భార్య వచ్చి కాళ్ళు పట్టుకుంటే లేవనెత్తి, "నీళ్ళు తాపిస్తుండు" అంది.

దినవారాలయ్యాక బండి మళ్ళీ పెట్టింది. సీసాలో గోలీలు లేవు. పసుపు రాసిన నూలు దారాలున్నాయి. రోజుకొకరి మణికట్టుకు కట్టేది. కట్టించుకున్నవాడు మూడు రోజులు గోలీ ముట్టకూడదు. ఎప్పుడు ఎవరికి అవసరం పడినా గల్లీలో ముడివేయగల నెత్తురు కొంతైనా ఉండాలని ఆమె మొక్కు. ఎవరూ కాదనలేదు. దారం ఉన్నవాడు మగ్గాల మధ్య కుంటుతూ, పళ్ళు బిగబట్టి పాలీ పూర్తి చేసేవాడు. ఆ బాధ ఆమెకూ తెలుసు. ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్ పెట్టి కాళ్ళు ముంచుకోమనేది.

పరమేశ్వర్ వంతు రెండో రోజున, అతను పాన్ డబ్బా దగ్గర ఆగడం ఆమెకు కనిపించింది. తల వెనక్కి వంచి ఏదో మింగాడు. పసుపు దారం ఎండలో మెరిసింది. తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి, "ఒక చాయ్ వదినె" అన్నాడు.

ఆమె చాయ్ పోసింది. సీసా వైపు చూడలేదు, అతని చేతివైపూ చూడలేదు. సాసర్‌లో ఒక టోస్టు పెట్టి ముందుకు జరిపింది.

పరమేశ్వర్ చాలాసేపు ఆ టోస్టునే చూశాడు. ముట్టలేదు. మణికట్టు ముడిని పళ్ళతో విప్పి, దారాన్ని సాసర్ పక్కన పెట్టి, మగ్గాల వైపు నడిచాడు.