కిటికీ ఎదురుగా నాయిన

పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల మీటింగు నుంచి వచ్చిన సాయంత్రమే నేను ప్రశాంతంగా ఉండడం మొదలుపెట్టాను. "ఈ ఒక్క ఏడాది ఇంట్లో వాతావరణం ప్రశాంతంగా ఉంచండి" అని ప్రిన్సిపాల్ చెప్పాడు. అంత కష్టమైన హోంవర్కు నేను చదువుకునే రోజుల్లో కూడా ఎవరూ ఇవ్వలేదు.

మేముండేది ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న కోదాడలో. నా ఉద్యోగం ఇక్కడే. మా ఆవిడది మిర్యాలగూడ. మా అమ్మాయి పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి ఆమె మాట కాస్త ఆంధ్ర వైపు ఒరిగి ఉంటుంది. నన్ను నాన్నా అంటుంది. నేను మా నాయినను నాయినా అనేవాణ్ని.

నా ప్రశాంతత ఎలా ఉండేదంటే, ఆఫీసు నుంచి రాగానే వరండాలో కుర్చీ వేసుకుని, పొద్దున చదివేసిన పేపరే మళ్లీ చదివేవాణ్ని. టీవీ పెట్టేవాణ్ని కాదు. మార్కులు అడిగేవాణ్ని కాదు. వరండా కిటికీకి అవతల మా అమ్మాయి టేబులు. తను తలెత్తితే నేను కనబడతాను. ఏదైనా కావాలంటే పిలవడానికి వీలుగా ఉంటుందని నా ఉద్దేశం. తను దిగులుగా కనిపిస్తే "మార్కులదేముందమ్మా" అనేవాణ్ని. దిగులుగా కనిపించకపోయినా అనేవాణ్ని.

దసరా సెలవులు అయ్యాక ఒక పొద్దున ఇడ్లీ తింటూ అమ్మాయి అడిగింది.

"నాన్నా, అడిషనల్ అంటే ఏంటి?"

"ఎక్కడ విన్నావ్?"

"నిద్రలో అరుస్తున్నావుగా. సార్, అడిషనల్, సార్, అడిషనల్ అని. పక్క గదిలోకి వినబడుతోంది."

మా ఆవిడ చట్నీ వేస్తూ, "ఎప్పటిసందో అరుస్తుండు. ఆఫీసుల పరేషాన్ అనుకుని ఊకున్న" అంది.

ఇప్పటి పిల్లలకు పరీక్షలో కుట్టిన బుక్‌లెట్ చేతికిస్తారు. మాకు ముందు నాలుగు పేజీలు ఇచ్చేవాళ్లు. అవి నిండితే లేచి నిలబడి అడిషనల్ షీటు అడిగి, చివర్లో అన్నిటినీ దారంతో కట్టాలి. ఆ సంగతంతా వివరంగా చెప్పాను. కల సంగతి మాత్రం చెప్పలేదు.

మా నాయిన మోతెలో గొర్లు కాసేవాడు. నా పదో తరగతి పరీక్షలు సూర్యాపేటలో పడ్డాయి. పరీక్షలు జరిగినన్ని రోజులు మంద పక్కింటాయనకు అప్పజెప్పి, నాతో పాటు బస్సెక్కి వచ్చేవాడు. నన్ను గేటు దాకా తోలి, రోడ్డవతల ఒక మొండిగోడ మీద కూర్చునేవాడు. మార్చి ఎండలో భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర. నా బెంచీ కిటికీ పక్కన. నేను తలెత్తినప్పుడల్లా ఆయన నా వైపే చూస్తుండేవాడు. బీడీ కాల్చేటప్పుడు కూడా తల తిప్పేవాడు కాదు.

"అరేయ్, మీ నాయిన మనల్ని మేపుతుండురా" అన్నాడు వెనక బెంచీ వాడు. రెండో రోజుకు హాలంతా ఆ మాట తెలిసిపోయింది. ఎవరు తల వంచుకుని రాసినా, మేస్తున్నాడు అనేవాళ్లు.

"నాయినా, నువ్వు రాకు. నేనొక్కన్నే పోతా" అన్నాను ఆ సాయంత్రం.

"నీకేం అర్థమైతది కొడుకా" అన్నాడు ఆయన. "కొత్త జాగల మనిషి కనబడుతుంటేనే గొర్రె మేస్తది. కనబడకపోతే బెదురుతది."

లెక్కల పరీక్ష రోజు నాకు వచ్చిన లెక్క మధ్యలో ఆగిపోయింది. తలెత్తితే ఆయన. మళ్లీ మొదటి నుంచి చేశాను, మళ్లీ ఆగింది. మళ్లీ ఆయన. చివరికి ఏదో రాశాను. పాసయ్యాను, ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. దయ్యం పట్టడానికి ఫెయిలవ్వాల్సిన పనేమీ లేదు. తర్వాత డిగ్రీ చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, మా అమ్మాయి నడక నేర్వకముందే మా నాయిన పోయాడు. పోయిన మనిషి ఇన్నేళ్లు ఎక్కడున్నాడో తెలియదు గానీ, మా అమ్మాయి పదో తరగతికి రాగానే మళ్లీ గోడ మీదకు వచ్చి కూర్చున్నాడు. కలలో నా చేతిలో కాగితం అయిపోతుంది. అడిషనల్ అడుగుతాను. సారు వినడు. కిటికీలోంచి నాయిన చూస్తుంటాడు. ఆయన కళ్లలో కోపం ఉండదు. ఉంటే బాగుండేది.

సంక్రాంతి దాటాక ప్రీ-ఫైనల్స్ పెట్టారు. లెక్కల పరీక్ష నుంచి వచ్చి అమ్మాయి బ్యాగు కింద పడేసి కూర్చుంది. సగం బుక్‌లెట్ ఖాళీగానే ఇచ్చేశానంది.

"రాలేదా?" అంది వాళ్లమ్మ.

"అన్నీ వచ్చు. చెయ్యి ఆగిపోయింది."

"ఎందుకు ఆగింది?"

"తెలీదు. రాస్తుంటే ఎవరో చూస్తున్నట్టు అనిపించింది."

"మార్కులదేముందమ్మా" అన్నాను. ఈసారి ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అమ్మాయి లోపలికి వెళ్లాక మా ఆవిడ వరండాలోకి వచ్చింది. మా నాయిన గోడ సంగతి ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నవ్వించడానికి చెప్పాను. నవ్వింది కూడా.

"ఇగ సూడు. మీ నాయిన గోడ మీద కూసున్నడు. నువ్వు కుర్సీల కూసున్నవ్. గంతే తేడా."

"నేను పేపర్ చదువుతున్న."

"ఆ పేపర్ పొద్దుగాల నేను తిరగేసి పెట్టిన. గట్లనే సదువుతున్నవ్."

కుర్చీ లోపల పెట్టేశాను. ఇల్లు మామూలు చేద్దామని టీవీ పెట్టాం. ఇంట్లో ఎవరికీ దాన్ని చూడడం గుర్తులేదు. మిర్యాలగూడ నుంచి మా వదిన రోజూ ఫోన్ చేసి "పిల్ల సదువుతుందా? నేనడిగిన అని మాత్రం చెప్పకు" అనేది. స్పీకర్‌లో ఉండడం వల్ల చెప్పే పని ఉండేది కాదు. నేను మాత్రం సాయంత్రాలు ఊళ్లో తిరగడం మొదలుపెట్టాను. చెయ్యి మళ్లీ ఆగితే? అసలు పరీక్షలో ఆగితే? ఈ ప్రశ్న పట్టుకుని బస్టాండు దాకా వెళ్లి, దాన్ని అలాగే పట్టుకుని తిరిగొచ్చేవాణ్ని.

మొదటి పరీక్ష తెలుగు. బండి మీద తీసుకెళ్లి గేటు దగ్గర దింపి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. దూరంగా ఒక టీ కొట్లో కూర్చున్నాను. అక్కడ నాలాంటి తండ్రులు ఇంకొందరు ఉన్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరం చాలా ప్రశాంతంగా ఉన్నాం. టీ కొట్టాయన మమ్మల్ని చూసి ఫ్యాను వేశాడు.

బయటికి వచ్చిన అమ్మాయి మొహం తేలిగ్గా ఉంది.

"బాగా రాశా నాన్నా. నువ్వు లేవని మొదట్లో కొంచెం అదోలా అనిపించింది. తర్వాత బయట తాతను చూశాక సర్దుకుంది."

"ఏ తాత?"

"రోడ్డవతల గోడ మీద కూర్చున్నాడు. చేతిలో కర్ర, భుజం మీద నల్లగా దుప్పటిలాంటిది. అయిపోయేదాకా కదల్లేదు. ఎవరి తాతో పాపం, ఆ ఎండలో."

బండి స్టార్టు చేయబోయిన వాణ్ని ఆగిపోయాను. మా జిల్లాలో గొర్ల కాపరులకు కొదవ లేదు. వాళ్లకు మనవలుంటారు. ఆ మనవలకు టెన్త్ ఉంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా రోడ్డు దాటి వెళ్లి ఆ గోడ చూశాను. గోడ మీద ఎవరూ లేరు. కింద ఒక బీడీ ముక్క ఉంది. బీడీలు కాల్చేవాళ్లు కూడా మా జిల్లాలో చాలామంది ఉన్నారు.

"ఆయన్ను చూస్తే భయం వెయ్యలేదా?" అన్నాను తిరిగొచ్చి.

"ఎందుకు? ఆయన నా తాత కాదుగా."

ఆ తర్వాతి పరీక్షలకు ఆ ముసలాయన కనబడలేదని చెప్పింది. లెక్కల పరీక్ష ముందు సాయంత్రం అమ్మాయి వరండాలోకి వచ్చింది.

"రేపు నువ్వు కూర్చో నాన్నా. ఆ గోడ మీద."

"వద్దమ్మా. నేనుంటే..."

"అటు తిరిగి కూర్చో. నీ మొహం చూస్తే మార్కులు గుర్తొస్తాయి. వీపైతే ఏం కాదు."

"నేను మార్కులు ఎప్పుడైనా అడిగానా?"

"అదే."

కూర్చున్నాను. ముందు రోడ్డు, కరెంటు స్తంభం, మూసేసిన జిరాక్సు షాపు. వెనక కిటికీ. మా నాయినకు కనీసం చూడ్డానికి నేనున్నాను. ఆ షాపు షట్టరును ఎంతసేపు చూడాలో నాకు అర్థం కాలేదు. వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉంది. అమ్మాయే అయ్యుంటుంది. తిరగలేదు. మధ్యలో ఎండ మొహం మీదికి వస్తే లేచి చెట్టు నీడలో కాసేపు నిలబడి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

బెల్లు కొట్టాక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. వేళ్లకు ఇంకు.

"మధ్యలో ఎక్కడికి పోయావ్?"

"నీడలోకి. ఎందుకు?"

"చెయ్యి ఆగింది. నువ్వొచ్చి కూర్చున్నాక మళ్లీ నడిచింది. అన్నీ చేశా." ఊపిరి తీసుకుంది. "కనబడకపోతే ఎలా నాన్నా."

మా నాయిన గొర్రె గురించి ఆ మాట అనగా ఆమె వినలేదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు. మంచినీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను.

బండెక్కి వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఎల్‌కేజీ నుంచి ఇలాగే స్కూలుకు తీసుకెళ్లాను. ఇన్నేళ్లూ దారిలో తను చూసింది నా వీపే అని అప్పుడు తట్టింది. నేనూ చిన్నప్పుడు మంద వెంట నాయిన వెనకే నడిచేవాణ్ని. ఏ పొలంలోకి పోతున్నామో తెలిసేది కాదు, భయమూ ఉండేది కాదు. పరీక్షలప్పుడే ఆయన మొదటిసారి నా వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంటి దాకా ఆయన వీపును గుర్తు చేసుకోవడానికి చాలా ప్రయత్నించాను. గొంగడి గుర్తొచ్చింది. ఉన్ని వాసన గుర్తొచ్చింది. వీపు రాలేదు. మొహమే వచ్చింది.