నీనో కట్టిన మూల

క్లెమ్ హుడాక్ చర్చికి వెళ్ళినా ముందు గోడలు చూస్తాడు, తర్వాతే శిలువ. తలుపు చట్రం గోరంత వాలినా ఆయన కంటికి తెలిసిపోతుంది. పిట్స్‌బర్గ్ తాపీ పనివాళ్ళలో ఏ గోడ మీదైనా పేచీ వస్తే క్లెమ్‌ని పిలవమనేవాళ్ళు. ఆయన వచ్చి రసమట్టం ఆనించి చూసి, తూకం ఉంటే "ఉంది" అనేవాడు, తప్పితే "తప్పింది" అనేవాడు. ఆ పైన వాదన ఉండేది కాదు. సొంత మేనల్లుడు కట్టిన గోడను రెండుసార్లు పడగొట్టించిన మనిషి మరి.

వాళ్ళ నాన్న పనిచేసిన ఉక్కు మిల్లు మూతపడిన ఏడాది క్లెమ్ తాపీ పట్టాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు. పని నేర్పింది యూనియన్, పని చూపించింది యూనియన్. భార్య ఐలీన్ మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగినప్పుడు యూనియన్ బీమా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఐలీన్ బతికి ఇవాళ వంటింట్లో ఆయన మీద కేకలేస్తోందంటే ఆ కార్డు చలవే. అందుకే ఆయన పర్సులో యూనియన్ కార్డు డ్రైవింగ్ లైసెన్సుకి పైన ఉంటుంది.

ఆ మార్చిలో కొండ మీది స్కూలుకి కొత్త భవనం లేస్తోంది. కొండ వైపు గోడ క్లెమ్ పనిచేసే యూనియన్ కాంట్రాక్టరుది. నది వైపు గోడ యూనియన్ లేని ఇంకో కాంట్రాక్టరుకి దక్కింది. సైటుకి రెండు గేట్లు పెట్టారు. ఒకటో గేటు యూనియన్ వాళ్ళకి, రెండో గేటు వాళ్ళకి. యూనియన్ లేకుండా పనిచేసేవాళ్ళని ఎలుకలనడం అక్కడి వాడుక. రెండో గేటు ముందు యూనియన్ వాళ్ళు గాలి నింపిన రెండంతస్తుల రబ్బరు ఎలుకను నిలబెట్టి, పొద్దున్నే వచ్చేవాళ్ళని "ఎలుకలొచ్చాయిరోయ్! జున్ను దాచుకోండి!" అని ఏడిపించేవాళ్ళు. లోపల రెండు ముఠాలూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకునేవి కావు.

గొడవ మూల దగ్గర వచ్చింది. రెండు గోడలూ కలిసే ఆ మూలను కట్టాల్సింది తామేనని యూనియన్ వాళ్ళ లెక్క. కాంట్రాక్టు కాగితంలో మాత్రం ఎవరి పేరూ లేదు. శనివారం యూనియన్ వాళ్ళకి సెలవు. సోమవారం వచ్చేసరికి మూల పదకొండు వరసలు లేచి నిలబడి ఉంది.

మూల అంటే మాటలు కాదు. ముందు రెండు కొసల్లో మూలలు లేపి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారం లాగి, ఆ దారం వెంట గోడ కడతారు. మూల తప్పితే గోడంతా తప్పుతుంది. అంటే క్లెమ్ ముఠా గోడ లేపాలంటే ఎలుకల మూలకి దారం కట్టాలి.

పది గంటలకి యూనియన్ ఏజెంటు బార్ట్ గాలహర్ ఆయాసపడుతూ వచ్చాడు. భారీ మనిషి. పని లేని వాళ్ళందరి ఫోన్లూ ఆయనకే వస్తాయి.

"క్లెమ్, విను. యూనియన్ హాల్లో పని కోసం బెంచీ మీద ఎనిమిది మంది కూర్చున్నారు. క్రిస్మస్ నుంచి ఒక్కడూ తాపీ ముట్టలేదు. ఆ వెబ్ ఏమందో తెలుసా? 'హుడాక్ చూసి తూకం తప్పిందంటే పడగొట్టించి, నది వైపు గోడంతా మీకే ఇచ్చేస్తా' అంది. వేసవి దాకా పని! ఎనిమిది మందికీ!"

కారొలిన్ వెబ్ సైటంతటికీ సూపరింటెండెంటు. ఈ రెండు ముఠాల తగువులతో విసిగిపోయిన మనిషి.

"ముందు చూడనీ," అన్నాడు క్లెమ్.

"చూడ్డానికేముందయ్యా? కట్టింది ఎలుకలు. నువ్వొక్క మాట అను."

క్లెమ్ రసమట్టం తీసుకుని మూల దగ్గరికి నడిచాడు. వెనకే ఆయన ముఠా. అటువైపు పరంజా మీద నది వైపు వాళ్ళు అయిదుగురూ పని ఆపి చూస్తున్నారు. మధ్యలో వెబ్, చేతిలో కాఫీ.

రసమట్టం ఆనించకముందే ఇది ఎవరి చెయ్యో క్లెమ్‌కి తెలిసింది. సందులు నున్నగా తీసినప్పుడు కమ్మీ ఆగినచోట చిన్న గీత మిగులుతుంది. అందరి గీతా కుడి కొసన ఉంటుంది. ఇక్కడ ఎడమ కొసన ఉంది. అంచు విరిగిన ఇటుక ఒక్కటీ బయటి వైపు పెట్టలేదు. నిలువు సందుల్లో సిమెంటు మాలు అడుగంటా నిండి ఉంది. ఎడమచేతి వాటంతో ఇలా కట్టేవాడు మూడు నదుల ఈ పిట్స్‌బర్గ్‌లో ఒక్కడే.

నీనో సెస్టీలీ. పదకొండేళ్ళు ఒకే దారానికి ఆ కొసన నీనో, ఈ కొసన క్లెమ్. ఒక చలికాలం పనులు ఆగాయి. బీమాకి కావాల్సినన్ని పనిగంటలు లేక నీనో బీమా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ పాప ఏడో నెలలో పుట్టింది. నీనో యూనియన్ లేని మేస్త్రి దగ్గర రెండు నెలలు పొగగొట్టాలు కట్టాడు. యూనియన్ సభ్యుడు అలా చెయ్యకూడదు. ఎవరో యూనియన్‌కి చెప్పేశారు. విచారణకి అయిదుగురు కూర్చున్నారు. నీనోని తీసేయాలని అయిదు చేతులు లేచాయి. అందులో ఒకటి క్లెమ్‌ది. అది జరిగి పన్నెండేళ్ళు.

క్లెమ్ పరంజా వైపు తలెత్తలేదు. రెండు ముఖాలకీ రసమట్టం ఆనించాడు. గుండు వేలాడదీసి, ఊగడం ఆగేదాకా నిలబడ్డాడు. కొలకర్ర పెట్టి వరసల ఎత్తు చూశాడు. మూడో వరస దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వెంట్రుకవాసి ఎక్కువుంది. కట్టినవాడే దాన్ని నాలుగో వరసలో సగం, అయిదో వరసలో మిగతాదీ సర్దేశాడు. అటువంటిది ఏ గోడలోనైనా ఉంటుంది, ఏ రూలూ దాన్ని తప్పనదు. కానీ వేలు పెట్టి చూపించి "ఇదిగో" అంటే వెబ్ కాదనదు. పూర్తిగా అబద్ధం కూడా కాదు.

వెనక గాలహర్ ఊపిరి వినిపిస్తోంది. బెంచీ మీది ఎనిమిది మందీ క్లెమ్‌కి పేరుపేరునా తెలుసు.

"ఏమంటారు మిస్టర్ హుడాక్?" అంది వెబ్.

క్లెమ్ కొలకర్ర చంకలో పెట్టుకున్నాడు. "ఉంది."

"అంటే?"

"తూకం ఉంది. ఇంతకంటే నాసి మూలలు నా పేరు మీదే ఉన్నాయి."

వెబ్ తలూపి వెళ్ళిపోయింది. పరంజా మీద ఎవరో దగ్గారు. గాలహర్ ముఖం ఎర్రబడింది.

"ఎనిమిది మంది, క్లెమ్. ఇవాళ సాయంత్రం వాళ్ళకి ఫోన్ చేసి ఏం చెప్పమంటావ్?"

"గోడ బాగుందని చెప్పు. రేపు ఎవడైనా నిజంగా వంకర గోడ కడితే నేనే చెప్తాను. అప్పుడు ఆవిడ నమ్ముతుంది."

"రేపటి సంగతి వాళ్ళ పిల్లలకి చెప్పు!" అని గాలహర్ విసవిసా వెళ్ళిపోయాడు. ఆ మాటలో న్యాయం లేదని క్లెమ్ అనుకోలేదు.

ఆ మూలకి దారం కట్టడానికి ముఠాలో ఎవరూ కదల్లేదు. క్లెమ్ తనే వెళ్ళి మేకు గుచ్చి, దారం బిగించి, మొదటి ఇటుక పెట్టాడు. ఒక్కడే తొమ్మిది ఇటుకలు పెట్టాక ముఠాలోంచి టెర్రెల్ వచ్చి అవతలి కొసన నిలబడ్డాడు. నలభై దాటిన నల్లజాతి మేస్త్రి, నోరు ఊరుకోదు.

"జున్ను వాసనొస్తోంది పెద్దాయనా. నీ దారానికేనా?"

"మాలు అందుకో."

"అందుకుంటా, అందుకుంటా. నీతో మాట్లాడుతున్నానని మాత్రం ఎవరికీ చెప్పకు."

ఆ వారమంతా ఇంకెవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం క్లెమ్ తన శాండ్‌విచ్ ఒక్కడే కూర్చుని తిన్నాడు.

ఈస్టరుకి ముందు, మాంసం ముట్టని తపస్సు కాలపు శుక్రవారం సాయంత్రం చర్చి కింది హాల్లో చేపల వేపుడు. ఐలీన్ వడ్డించే వాళ్ళలో ఉంది. క్లెమ్ ఓ మూల బల్ల దగ్గర తింటుంటే ఎదురుగా ఇంకో పళ్ళెం దిగింది. మీసం నెరిసిన నీనో. కూర్చోవచ్చా అని అడగలేదు.

"మూడో వరస చూశావుగా?"

"చూశాను."

"చలికి మాలు బిగుసుకుపోయింది. తీసి మళ్ళీ కడతానంటే మా కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. పొద్దుగూకేలోపు మూల లేవాలన్నాడు."

"నాలుగులో సగం సర్దావు. అయిదులో మిగతాది."

"కళ్ళింకా పనిచేస్తున్నాయన్నమాట ముసలోడికి." నీనో బంగాళాదుంప కూరిన పిరోగీ ఒకటి తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "ఎందుకు చెప్పలేదు? చెప్పుంటే మమ్మల్ని గెంటేసేవాళ్ళు కదా."

"తప్పు కానిదాన్ని తప్పని ఎలా అంటాను?"

"పన్నెండేళ్ళ కింద అన్నావుగా."

క్లెమ్ ఫోర్కు పక్కన పెట్టాడు. అటు పక్క బల్లల మీద పిల్లలు గోల చేస్తున్నారు.

"ఆ రోజు నా చెయ్యి ఎందుకు లేచిందో చెప్పనా? నా పక్క నాలుగు చేతులూ లేచాయి గనక. నేనేమీ కొలిచి చూడలేదు నీనో. ఐలీన్‌కి బీమా ఉంది, మీ పాపకి లేదు. అదొక్కటి చూసుంటే చాలు. చూళ్ళేదు. తప్పు చేశాను."

నీనో చేప ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "పాప ఇప్పుడు బాస్కెట్‌బాల్ ఆడుతోంది," అన్నాడు చివరికి. "నాకంటే పొడుగు."

"మంగళవారం మీటింగుంది. నిన్ను మళ్ళీ తీసుకోమని అడుగుతాను."

"నేనొక్కణ్ణి రాను. నా వెనక నలుగురున్నారు. పని నేనే నేర్పాను. నాలా కడతారు."

"అయిదుగురినీ అడుగుతా."

"మీ గాలహర్‌కి ముద్ద గొంతుకడ్డం పడుద్ది."

"పడనీ. మంచినీళ్ళు నేనిస్తాలే."

నీనో నవ్వలేదు గానీ పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోనూ లేదు. ఇద్దరూ చివరిదాకా తిన్నారు.

మంగళవారం హాలు నిండింది. బెంచీ మీది ఎనిమిది మందీ ముందు వరసలోనే కూర్చున్నారు. క్లెమ్ లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడి ఎరగడు.

"ఆ మూల నీనో సెస్టీలీ కట్టాడు," అన్నాడు. "ఆ చేతి పని మనకి అవతలి వైపు ఉన్నంతకాలం ఆ కాంట్రాక్టరు మన దగ్గర పనులు లాక్కుంటూనే ఉంటాడు. ఆ అయిదుగురూ ఇటొస్తే వాడి దగ్గర మూల కట్టేవాడుండడు. అదొకటి. రెండోది, నీనోని మనం తీసేయడం తప్పు. ఆ రోజు నా చెయ్యీ లేచింది. అయిదుగురినీ చేర్చుకోవాలని అడుగుతున్నాను."

"అయిదుగురా! పని వరసలో మా వెనక నిలబెడతావా, ముందా?" అని అరిచాడు ముందు వరసలో ఒకడు.

"వెనకే," అన్నాడు క్లెమ్. "మీ ఎనిమిది మంది తర్వాతే."

గాలహర్ బల్ల మీద సుత్తి కొట్టాడు. కోపం తగ్గలేదు గానీ పద్ధతి తప్పే మనిషి కాదు. "బ్రదర్ హుడాక్ ప్రతిపాదన విన్నారు. బలపరిచేవాళ్ళున్నారా?"

ఎవరూ పలకలేదు. బలపరిచేవాళ్ళు లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది, ఓటు దాకా వెళ్ళదు. క్లెమ్ కూర్చోవచ్చు. కూర్చోలేదు. ముప్ఫై ఏడేళ్ళు వంగి లేచిన మోకాళ్ళు వణుకుతుంటే ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"రెండోసారి అడుగుతున్నా," అన్నాడు గాలహర్, ఈసారి కొంచెం నెమ్మదిగా.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"సరే, నేను బలపరుస్తున్నా," అన్నాడు టెర్రెల్. "ఆయన్ని కూర్చోబెట్టండయ్యా. ఆ మోకాళ్ళు చూళ్ళేక చస్తున్నాను."

హాల్లో నవ్వులు లేచాయి. ముందు వరసలో కూడా ఒకరిద్దరు నవ్వారు. గాలహర్ కళ్ళద్దాలు సవరించుకుని, ఓటు వచ్చే నెల మీటింగులో అని రాసుకున్నాడు. క్లెమ్ కుర్చీ వీపు వదలకుండా, మెల్లగా కూర్చున్నాడు.