చనిపోయిన ప్రతిసారీ నవ్విన మామయ్యగారు

నా చిన్నప్పుడు మేము దేశంకాని దేశంలో, ఎటోబికో అనే ఊళ్ళో, విమానాలు నెత్తిమీదుగా దిగే ఒక అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక సినిమా నటుడు ఉండేవారు. సినిమా నటుడంటే కార్లూ కటౌట్లూ అనుకునేరు! విమానాల్లోకి పంపే భోజనం ట్రేలు సర్దే చోట ఆయనకి ఉద్యోగం. అంతకుముందు ఇరవై ఏళ్ళు మద్రాసులో తమిళ సినిమాల్లో వేశారు. అక్కడి స్టూడియోల్లో తెలుగువాళ్ళతో కలిసి తిరిగిన మనిషి కాబట్టి మాతో చక్కగా తెలుగే మాట్లాడేవారు. నేను మామయ్యగారూ అని పిలిచేదాన్ని.

ఆ ఇరవై ఏళ్ళూ మామయ్యగారు చేసిందేమిటయ్యా అంటే, చావడం. హీరోకి తండ్రిగా వేసి రెండో రీలు దాటకుండా పోవడం. గుండె పట్టుకుని పోయారు, లారీ కింద పడి పోయారు, కూతురి పెళ్ళి ఆగిపోయిందని విని కూర్చున్న కుర్చీలోనే పోయారు. కొన్ని సినిమాల్లో ఆ మాత్రం శ్రమ కూడా లేదు, గోడమీద దండ వేసిన ఫోటో ఆయనది. మా అమ్మ వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని ఆయన పోయినప్పుడల్లా భోరున ఏడ్చేది. మర్నాడు లిఫ్టులో ఆయన ఎదురైతే సిగ్గుతో చచ్చిపోయేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, చలికాలం సెలవులకి ముందు మా బడిలో నాటకం వేయించారు. నాది ముసలి కుందేలు వేషం. ఒకే ఒక్క మాట, “మంచు వస్తోంది, ఇళ్ళకి పదండి.” ఇంగ్లీషుకి నాకప్పుడప్పుడే నోరు తిరుగుతోంది. ఆ ఒక్క ముక్కనీ పది రోజులు వల్లె వేశాను. గురువారం బడి పిల్లల ముందు వేశాం. అమ్మ తెల్ల దుప్పటితో కుట్టిన కుందేలు గౌను కాళ్ళకి అడ్డంపడి స్టేజీ నడిమధ్యన బోర్లా పడ్డాను. హాలంతా గొల్లుమంది. నా ముక్క చెప్పకుండానే పాక్కుంటూ తెర వెనక్కి పోయాను.

శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రుల ముందు అదే నాటకం మళ్ళీ వేయాలి. చచ్చినా వెళ్ళనన్నాను. నాటకం సంగతి సరే, ఆ బడిలో ఇక నోరే విప్పనని ఒట్టు పెట్టుకున్నాను. మొండితనంలో నాది అచ్చం మా నాయనమ్మ పోలిక. అమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి వెళ్ళి ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టింది.

మామయ్యగారు వచ్చి నన్నేమీ అడగలేదు. మా హాల్లో నిలబడి ఉన్నట్టుండి గుండె పట్టుకున్నారు. మూడడుగులు తూలారు. లేని కూతుర్ని మా అమ్మ చేతిలో పెట్టి, దబ్బున కార్పెట్ మీద పడి కళ్ళు తేలేశారు. నేను కెవ్వుమన్నాను. అప్పుడు లేచి కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వారు.

చావు సీను తీశాక ఆర్టిస్టుని అలాగే ఇంటికి పంపరట. లేపి, కెమెరా మళ్ళీ తిప్పి, ఒక నవ్వు నవ్వించి తీస్తారట, అపశకునం అంటకుండా. ఆ నవ్వు సినిమాలో ఉండదు, కత్తిరించి పారేస్తారు. అయినా అది తీయందే అక్కడినుంచి ఎవరూ కదలరట.

“పడితే పడ్డావులే. లేచి నవ్వకుండా ఎట్లా వచ్చేశావమ్మా? పడినచోటే నవ్వాల. ఇంటికొచ్చి నవ్వితే చెల్లదు” అన్నారు.

సరే, వెళ్ళి ఆ నవ్వేదో నవ్వేసి వద్దామని ఒప్పుకున్నాను. తీరా శుక్రవారం తెర వెనక నిలబడితే ఆ గౌను మళ్ళీ కాళ్ళకి అడ్డంపడుతోంది. ఎలాగూ పడతాను కదా, ఆ పడేదేదో ముందే పద్ధతిగా పడిపోతే పోలా అనిపించింది. నా బుర్రకి తట్టింది అంతే మరి!

ముసలి కుందేలు స్టేజీ మీదికి వచ్చింది. గుండె పట్టుకుంది. మూడడుగులు తూలింది. తన పిల్లల్ని పక్కనున్న ఎలుగుబంటి చేతిలో పెట్టి, వీళ్ళని నువ్వే సాకాలి తల్లీ అని తెలుగులో బతిమాలుకుంది. ఎలుగుబంటి వేషంలో ఉన్న పిల్ల బిత్తరపోయింది. కుందేలు దబ్బున పడి ప్రాణం వదిలేసింది. టీచరు పరిగెత్తుకొస్తుండగా నేను లేచి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, మంచు వస్తోంది ఇళ్ళకి పదండని ఇంగ్లీషులో గొంతు చించుకుని అరిచాను. అబ్బో, ఆ చప్పట్లు! వెనక వరసలో మామయ్యగారు కుర్చీ ఎక్కి ఈల వేశారు. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ముగ్గురం ఇంటికి నడిచి వస్తున్నాం. నా నోటికి ఇక పట్టపగ్గాల్లేవు. మద్రాసులో సినిమాలు మానేసిన రోజున కూడా లేచి నవ్వారా మామయ్యగారూ అని అడిగేశాను. అమ్మ నా జబ్బ గిల్లింది.

ఆయన ఆగిపోయారు. “అదే ఆఖరి రోజని నాకెవరూ చెప్పలేదు పాపా. రేపు కబురు పంపిస్తామన్నారు. పంపలేదు.”

అంతమంది తండ్రుల వేషాల్లో ఎక్కడా చూడని మొహం అది. నాకు ఏడుపొచ్చేసింది. పడినచోటే నవ్వాలన్నారు కదా, మద్రాసు చాలా దూరం కదా అన్నాను. ఆయన నా వంక చూసి, “అంత దూరం ఎవరు పోతారు, ఇక్కడే కానిచ్చేద్దాం” అంటూ గుండె పట్టుకున్నారు. తూలారు. దారి పక్కన ఎత్తుగా పోసిన మంచులో వెల్లకిలా పడ్డారు. ఎంతకీ లేవలేదు.

“కట్ కట్! లేవండి అన్నయ్యగారూ, ఈ చలికి నిజంగానే పోతారు! లేచి నవ్వండి!” అని అరిచింది మా అమ్మ. ఆయన లేచారు. మంచు దులుపుకోకుండానే నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆ నవ్వు ఆగలేదు. మాకూ ఆగలేదు.

నాకిప్పుడు యాభై అయిదు, అక్కడికి దగ్గర్లోనే మార్కమ్‌లో ఉంటున్నాను. ఏది ఆఖరి రోజో ముందుగా ఎవరూ చెప్పరన్న సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది, అయినా చీవాట్లు తిన్నచోటా, పోట్లాడినచోటా ఒక నవ్వు నవ్వి గాని గడప దాటను. మొన్న మాత్రం మా అమ్మాయి ఇంట్లో మనవరాలి మీద కసిరి విసురుగా కారెక్కేశాను. హైవే దాకా డ్రైవ్ చేసి, మనసొప్పక వెనక్కి తిప్పాను. అది తలుపు తీసి “వాట్ డిడ్ యూ ఫర్గెట్, అమ్మమ్మా?” అంది.

నవ్వడం మరిచిపోయానే తల్లీ, అన్నాను.