రెండు పొట్లాలు, రెండు జతల స్కీలు

పొద్దున్నే దీపం పెట్టగానే ఆండాళమ్మ ఎర్రపువ్వొకటి, తెల్లపువ్వొకటి విడివిడిగా పొట్లాలు కట్టి వేదాద్రి నరసింహస్వామి పటం ముందు పడేస్తుంది. ఆ పూట వంకాయ వండాలా, దోసకాయా అన్నది కూడా స్వామే తేల్చాలి. ఆవేళ ఔలీ మంచుకొండల నుంచి మనవరాలు లహరి ఫోన్ చేసింది.

"నానమ్మా, రేపే స్కీ పోటీ. మంచు మీద జారే స్కీ చెక్కలు రెండు జతలు చూశా, రెండూ కొండ మీద ఎక్కడైనా పనికొచ్చేవే. వెడల్పువి మెత్తటి మంచులో తేలతాయి, సన్నవి గట్టి మంచు మీద చప్పున మలుపు తిరుగుతాయి. తేల్చుకోలేక చస్తున్నా, పువ్వులు వేసి చూడవూ?"

"వెడల్పువి తెలుపు, సన్నవి ఎరుపు" అంటూ ఆండాళమ్మ ఒక పొట్లం తీసింది. ఫోన్లో "సన్నవే రావాలి, సన్నవే రావాలి" అని గొణుగుడు వినపడింది. విప్పితే తెల్లపువ్వు! గబుక్కున కొప్పులో ముడుచుకుని, "ఎర్రదేనే తల్లీ!" అంది. అవతల ఆనందంతో కేక.

ఆండాళమ్మ పటం వైపు తిరిగి చెంపలేసుకుంది. "పిల్ల ముందే తేల్చేసుకుంది. రేపు కాస్త దాని వెనకాలే ఉండు స్వామీ."