రక్తం ఎక్కువైందంటే దానిమ్మలు తెచ్చారు

జబ్బు చేసిందంటే చాలు, మా ఆళ్లగడ్డ చుట్టాలు దానిమ్మపండ్లు పట్టుకుని దిగుతారు. ఏ జబ్బని అడగరు. రక్తం పడుతుందట. నా జబ్బే రక్తం ఎక్కువ కావడమని చెప్పినా బల్ల మీద పండ్ల గుట్ట పెరుగుతూనే ఉంది.

కుడిచెయ్యి మొద్దుబారి నీళ్ల చెంబు జారిపోతుంటే నంద్యాలలో రక్తం డాక్టరమ్మకు చూపించుకున్నాను. పరీక్షలన్నీ చూసి ఆమె ఓపిగ్గా చెప్పింది.

"ఎముకల మూలుగలో తల్లికణాలు ఉంటాయమ్మా. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీ వాటికి కబురు పంపుతుంది. ఆ కబురు కణం పైన తగిలి, లోపల చేతులు మారుతూ జన్యువుల దాకా పోతుంది. అవి మేలుకుంటే ఎర్రకణాలు తయారవుతాయి. మీకు ఆ దారిలో ఒక స్విచ్చి ఇరుక్కుపోయింది. కబురు రాకున్నా జన్యువులను లేపుతూనే ఉంది. రక్తం చిక్కబడింది. కొంత తీసేయాలి. లేకపోతే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు."

పిలవకపోయినా వచ్చి పెత్తనం చేసే మనిషి మా ఇంట్లోనే ఉంది కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఆమె మా ఆడబిడ్డ. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అందుకుంది.

"రక్తం తీసేదేంది మే? ఎక్కించేది విన్యాం గానీ! ఇది మీ పుట్టింటోళ్ల రోగమే. మా ఇండ్లల్లో యాడుంది?"

"పుట్టుకతో వచ్చింది కాదంట వదినా. ఈ వయసులో మూలుగలోనే మారిందంట."

"ఈ వయసులో రెండక్షరాలు నేర్చుకున్యావో లేదో, డాక్టరువైనావా?"

మా ఆయన అక్క మాట దాటడు. "అక్క వద్దన్యాక యాడికి పోతావ్?" అన్నాడు.

"నా చెయ్యి పడిపోతే నీకు సంగటి కెలికేదెవరు? మీ అక్కనా?"

నా ప్రాణం మీద రాని భయం ఆయనకు సంగటి మీద వచ్చింది. బయలుదేరాడు. ఆడబిడ్డ మా సంచి నిండా దానిమ్మలు కుక్కింది.

ఆస్పత్రిలో నన్ను పడుకోబెట్టి సూది గుచ్చారు. రక్తం నల్లగా కిందికి దిగుతోంది. "చాల్లేమ్మా, ఇంగ ఆపు" అని నర్సమ్మ మీదికి పోయిన మా ఆయన, రక్తం నిండిన సంచిని దగ్గరగా చూశాడు. కళ్లు తేలేసి గోడ వెంట జారిపోయాడు. నర్సమ్మ గబుక్కున వంగి ఆయన కాళ్లు ఎత్తి పట్టుకుంది.

"మా చేతిసంచిలో దానిమ్మలున్నాయి, ఒలిచి పెట్టమ్మా. తెచ్చినందుకు ఒకరికన్నా పనికొస్తాయి" అన్నాను.

ఇంటికి రాగానే ఆడబిడ్డ గుమ్మంలోనే శోకాలు పెట్టింది. "మొగం సూడు ఎట్ల పాలిపోయిందో! చెప్తే విన్యారా?" అంటూ తమ్ముడి గడ్డం నిమిరింది.

రక్తం తీయించుకోవాల్సినప్పుడల్లా ఇప్పుడు బస్సు బోర్డు చదువుకుని ఒక్కదాన్నే నంద్యాల పోయి వస్తున్నాను. చెంబు జారడం లేదు. మా ఆయన తోడు వస్తానంటాడు గానీ, నర్సమ్మకు ఇద్దరు రోగులు ఎందుకు?