మావయ్య పడగొట్టిన మా పైకప్పు

నా చిన్నప్పుడు బెజవాడ కొండల మీద ఇప్పుడున్న రంగురంగుల డాబాలు లేవు. చాలావరకు తాటాకు ఇళ్ళే. మా అమ్మమ్మ ఇల్లు మెట్లదారికి సగంలో ఉండేది. అమ్మా నాన్నా హనుమాన్ జంక్షన్‌లో ఉంటూ, చదువు కోసం నన్ను ఆవిడ దగ్గర పెట్టారు. చదువు సంగతేమో గాని, గుమ్మంలో కూర్చుని దూరంగా కృష్ణ మీద మెరిసే ఎండని చూడడంలో మాత్రం నాకు ఫస్టు మార్కు వచ్చేది. మధ్యాహ్నం పూట ఏటి మీది గాలి కొండెక్కి వచ్చేది. కప్పు మీద ఆకులు గలగలమంటుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడేవి. నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో నాకే తెలిసేది కాదు.

మా మావయ్య, అంటే అమ్మమ్మ కొడుకు, ఫైర్ స్టేషన్‌లో పనిచేసేవాడు. ఫైరింజన్ కొండెక్కలేదు కదా, అందుకని కొండ ఇళ్ళ కోసమే వాళ్ళలో ఒక చిన్న దళం ఉండేది. ఇంజను కిందే ఆగిపోయేది. ఈ దళం వాళ్ళు చుట్టలు చుట్టిన కేన్వాసు పైపులు భుజాన వేసుకుని మెట్ల మీద పరిగెత్తేవాళ్ళు. మావయ్య భుజాన మాత్రం పైపు ఉండేది కాదు. పొడుగాటి వెదురు కర్ర, దాని చివర ఇనప కొక్కెం. మంట ఎటు పాకుతోందో చూసి, అది చేరబోయే ఇంటి కప్పుని ముందే లాగి పడెయ్యడం మావయ్య పని. అంటుకోవడానికి ఆకు దొరక్కపోతే మంట అక్కడితో ఆగిపోతుంది.

నీళ్ళు పోసినవాళ్ళకి జనం దణ్ణాలు పెట్టేవాళ్ళు. మావయ్య ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు. బాగున్న ఇంటిని పడగొట్టినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు? అందుకే ఆ దళం వాళ్ళు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటివాళ్ళని అడిగి, సరే అనిపించుకోందే కప్పు మీద కొక్కెం వెయ్యరు. తరవాత సెలవు రోజున వాళ్ళే వచ్చి కొత్త ఆకు కప్పి వెళ్ళేవాళ్ళు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కింది వరసలో ఎవరి పొయ్యి నుంచో నిప్పు రవ్వ లేచింది. నేను గుమ్మంలో జోగుతున్నాను. మొదట పొగ కనిపించింది. తీరిగ్గా, సన్నగా, ఎవరింట్లోనో సాంబ్రాణి వేసినట్టు లేచింది. చూస్తుండగానే పెద్దదైంది. అమ్మమ్మ బిందె తీసుకుని కింది కుళాయికి పరిగెత్తింది. జనం అరుస్తున్నారు గాని, నాకా అరుపులన్నీ నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టే ఉన్నాయి.

మంటకీ మాకూ మధ్య పక్కింటి అక్క ఇల్లు ఒక్కటే మిగిలింది. అక్క కొత్తగా కాపరానికొచ్చింది. వాళ్ళాయన కొండపల్లి దగ్గర కరెంటు తయారుచేసే చోట డ్యూటీలో ఉన్నాడు. మావయ్య కర్రతో వచ్చి, ఇల్లు లాగాలమ్మా, సరేనా అని అడిగాడు. అక్క గుమ్మం గుంజని రెండు చేతులా వాటేసుకుంది.

"ఆయన వచ్చేదాకా ఆగన్నయ్యా. కాపరానికొచ్చి నెల తిరగలేదు. ఇల్లు పడగొట్టుకోమనడానికి నేనెవర్ని?"

మావయ్య మళ్ళీ అడిగాడు. అక్క ఏడుస్తూ అదే మాట అంది. ఈలోగా వాళ్ళ చూరు అంటుకుంది. తోటివాళ్ళు అక్కని ఇవతలికి లాక్కొచ్చారు. మా ఇంటి పైన ఇంకా కొండంతా ఇళ్ళే. మావయ్య ఆ వరసలన్నీ ఒక్కసారి చూశాడు. గబగబా వచ్చి నన్నెత్తి మెట్ల పక్క రాతి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఎవరో మా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట తెచ్చి నా పక్కన పడేశారు. మావయ్య మా కప్పు మీద కొక్కెం వేశాడు. నలుగురూ కలిసి లాగారు. వానకాలానికని అమ్మమ్మ కొత్తగా వేయించుకున్న కప్పు మెల్లగా ఒరిగి, నిట్టూర్చినట్టు కూలిపోయింది. దుమ్ము అణిగాక మా వంటగదిలో నీలంగా ఆకాశం నిలబడి ఉంది. ఎంత బాగుందో! అంత బాగున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు పైపులోకి నీళ్ళొచ్చాయి. అణిగి పడి ఉన్న కేన్వాసు పైపు మెట్టు మెట్టు దగ్గరా ఉబ్బుతూ కొండెక్కింది. ఇక పైకి పాకే భయం లేదు కాబట్టి నీళ్ళన్నీ అక్క ఇంటి మీదే పోశారు. ముందు పంచ కాలిపోయింది గాని ఇల్లు దక్కింది. అంతలో నిండు బిందె చంకనెత్తుకుని అమ్మమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇంటి వంక చూసింది. బిందె దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది.

సాయంత్రం మావయ్య వచ్చేసరికి అమ్మమ్మ కప్పులేని ఇంట్లో అన్నం వండి కూర్చుంది.

"ఆ పిల్ల ఇల్లు ఎలాగూ అంటుకుంది గదరా. దాన్ని వదిలేసి నాది లాగావేంట్రా? నన్నొక మాట అడిగావా?"

మావయ్య మసి మొహంతో గోడకి చేరగిలబడ్డాడు. "అడిగే టైం అక్కడే అయిపోయిందమ్మా. ఈ కొండ మొత్తమ్మీద నేను అడగక్కర్లేని ఇల్లు ఇదొక్కటే."

అమ్మమ్మ కంచంలో అన్నం పెట్టి, వద్దంటున్నా మళ్ళీ పెట్టింది. ఆ తరవాత దళం వాళ్ళు ఆకు మోసుకొచ్చి కప్పుతుంటే, కింద నిలబడి అందరికీ వంకలు పెట్టింది గాని, మావయ్యని మాత్రం ఏమీ అనలేదు.

నాకు చాన్నాళ్ళు కోపం పోలేదు. పరాయివాళ్ళని బతిమాలి అడిగినవాడు మమ్మల్ని ఒక్క మాట అడగడా అని. పెళ్ళై, పిల్లలు పుట్టి, నా దగ్గర చనువు తీసుకునేవాళ్ళు నాకూ ఏర్పడ్డాకే ఆ కోపం కరిగింది.

మొన్న పైవాటాలో వాళ్ళ వంటింట్లో గ్యాసు మంట లేచి గదులన్నీ మసిబారాయి. నేను గుడి నుంచి వచ్చేసరికి మా మనవడు ఆ పైవాటా ముసలావిణ్ణి తీసుకొచ్చి నా గదిలో, నా మంచం మీద పడుకోబెట్టేశాడు. అత్తయ్యని ఒక్క మాటైనా అడగలేదేంట్రా అని మా కోడలు వాణ్ణి కేకలేస్తోంది. "నానమ్మనా? నానమ్మని అడిగేదేముంది?" అన్నాడు వాడు.

నేను హాల్లో చాప పరుచుకుని పడుకున్నాను. నడుం నొప్పెట్టింది, నిజమే. అయినా వాడన్న మాట తలుచుకుంటూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.